మాడిన రవ్వ

పోయిన వారం మనం ఆ ముంగిట్లోంచి కదిలే వేళకి సొరబుర్ర ఇంకా నేలమీదే ఉంది. ఎరోమోసెలె శవాన్ని కడిగిన నీళ్ళు ఆ బుర్రలో ఉన్నాయి. దాని ముందు, గుండు గీయించుకుని నల్లగుడ్డ చుట్టుకుని, అతని పెళ్ళాం ఒఫురె మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఆరు రోజుల జ్వరంతో, చిగుళ్ళలోంచీ ముక్కులోంచీ నెత్తురు కారి, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి పోయాడు. అలాంటి చావు విషం పెడితే తప్ప రాదని ఇంటి పెద్ద ఇసిబోర్ తేల్చేశాడు. విషం పెట్టని పెళ్ళామైతే మొగుణ్ణి కడిగిన నీళ్ళు తాగి బతుకుతుందట, పెట్టినదైతే చస్తుందట. ఎసాన్ జాతి వాళ్ళ పల్లెల్లో ఈ పని మానేసి ఒక తరం గడిచిపోయింది. ముసలాయనకి మాత్రం అన్నీ మరుపే గానీ ఇదొక్కటీ గుర్తుంది. "తాగు" అని ఆయన అనడమూ, వంటింటి వైపు నుంచి నర్సు ఇసిమెమె పరుగున రావడమూ ఒక్కసారే జరిగాయి.

ఇసిమెమె చచ్చిపోయినవాడి బాబాయి కూతురు. ఆరోగ్య శాఖలో పదకొండేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు వెతికే ఉద్యోగం ఆమెది. ఎరోమోసెలె పోయే ముందురోజు అతని నెత్తురు తీసి పట్నం పంపించింది కూడా ఆమే. ఇప్పుడామె మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు ఉన్నాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పొట్టకి అదిమిపట్టుకున్న ప్లాస్టిక్ డబ్బా.

"ముట్టుకోకు ఒఫురె! వెనక్కి జరుగు!" అని అరిచింది.

బుర్రలోకి చూడకూడదనుకుంటూనే చూసింది. నీళ్ళు పల్చటి కాఫీ రంగులో ఉన్నాయి. సబ్బు నురగ విరిగి అంచుకి అంటుకుంది. మధ్యలో ఒక వెంట్రుక, దాని పక్కన గోరంత తెల్లటి తోలుముక్క తేలుతున్నాయి. ఈగలు అంచుమీద వరసగా కూర్చుని కాళ్ళు రుద్దుకుంటున్నాయి. ఇసిమెమెకి పుళ్ళు కొత్త కాదు, చీము కొత్త కాదు, అయినా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ నీళ్ళని ఒక ఆడదాని గొంతులో పోయాలని మొట్టమొదట ఎవడికి తోచిందో గానీ, వాడి నోరు పడిపోను!

"ఏడుపుకి ఆలస్యంగా వచ్చావు, న్యాయానికి వేళకే వచ్చావు అమ్మాయ్," అన్నాడు ఇసిబోర్. ఎడారి గాలి మోసుకొచ్చిన ధూళి ఆయన కనుబొమలమీద తెల్లగా పేరుకుని ఉంది. "మూతికి ఆ గుడ్డేమిటి? మేమంత కంపు కొడుతున్నామా?"

"పెదనాన్నా, పరీక్ష తేలింది. ఇప్పుడే ఫోను చేశారు. అన్నయ్యకి ఎవరూ విషం పెట్టలేదు. లాసా జ్వరం వచ్చింది. ఎలుకల నుంచి వచ్చే జ్వరం."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"రేడియోలో పొద్దస్తమానం వాగుతారే, అదా?" అన్నాడు ఇసిబోర్. "నా చిన్నప్పట్నించీ ఎలుకని కాల్చి ఉప్పూ కారం రాసి తింటున్నాను. నేను ఎలుకని తిన్నాను గానీ ఎలుక నన్ను తినలేదే! నీ చదువు నీ దగ్గరుంచుకో తల్లీ."

ఈసారి నవ్వు బాహాటంగానే వినిపించింది. శవమున్న గది గుమ్మం ముందు పొట్టి పీటమీద కూర్చున్న ఒమొన్యే మాత్రం నవ్వలేదు. ఆమె ఎరోమోసెలెకి అక్క. తమ్ముడికంటే పదిహేనేళ్ళు పెద్దది. తల్లి పోతే వాణ్ణి వీపున కట్టుకుని పెంచింది. ముప్పై ఏళ్ళుగా గర్రీ వేయించి వేయించి ఆమె అరచేతులు కాయలు కాచిపోయాయి. కర్రపెండలం తురిమి, పులిసిన నీళ్ళు పిండి, ఇనప పెనంమీద ఎర్రనూనె చుక్కలేసి వేయించే ఆ రవ్వలో ఆమెది అందె వేసిన చెయ్యి.

"ఎలుకా లేదు, గిలుకా లేదు," అంది ఒమొన్యే, ఒఫురె వైపు వేలు చూపిస్తూ. "ఇది నడిబజార్లో నా తమ్ముణ్ణి పట్టుకుని 'చావు' అంది. వీధంతా విన్నారు. రెండు వారాలు తిరక్కుండా వాడు చచ్చాడు. ఇంకేం పరీక్షలే నీకు?"

"అక్కా, కోపంలో అన్నమాటకి చిగుళ్ళలోంచి నెత్తురు కారదు."

"పెట్టిన మందుకి కారుతుంది!"

ఒఫురె తల ఎత్తలేదు. శవం గుంటలోకి దిగేదాకా విధవ నోరు మెదపకూడదు, అది ఆ ఇంటి కట్టుబాటు. నోరు మెదపకుండానే ఆ పిల్ల వణికిపోతోంది. ఇసిమెమెకి ఒళ్ళు మండింది. తిట్టాల్సిన వాళ్ళందరికీ నోళ్ళున్నాయి, చెప్పుకోవాల్సిన దానికి మాత్రం లేదు.

డబ్బా అరుగుమీద పెట్టి, బుర్రకీ ఒఫురెకీ మధ్యన నిలబడింది.

"ఒక్క మాట వినండి, తర్వాత మీ ఇష్టం. జనవరి నుంచీ మీరంతా పొలాల్లో పొదలు తగలబెడుతున్నారు. లోపలున్న ఎలుకలు ఎక్కడికి పోతాయి? మీ ఇళ్ళలోకే వస్తాయి. పొట్టనిండా రెండు వరసల చన్నులుంటాయే, ఆ ఎలుక. రోజంతా తింటుంది, తింటూనే ఉచ్చపోస్తుంది. గింజమీద పోస్తుంది, గిన్నెలో పోస్తుంది. ఆరిపోతే మీకు కనపడదు. ఆ గిన్నెలో తిన్నవాడికి జ్వరం వస్తుంది. ఇక అక్కణ్ణించి దానికి ఎలుకతో పనిలేదు. రోగి నెత్తురు, వాంతి, ఉచ్చ, ఏది ముట్టుకున్నా ముట్టుకున్నవాడికి అంటుకుంటుంది. చచ్చిపోయినా శవంలో ఉంటుంది. ఆ బుర్రలో ఉన్నది అదే!"

ఆమె చుట్టూ ఉన్నవాళ్ళ చేతులవైపు చూసింది.

"పొద్దున అన్నయ్యని కడిగిందెవరు?"

ముందు వరసలో ఇద్దరు మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇసిబోర్ తన కుడిచెయ్యి మెల్లగా లుంగీకి తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. ఇసిమెమె చూసింది.

"మీరూ కడిగారా పెదనాన్నా?"

"కడగకుండా మురికితో పంపిస్తామా వాణ్ణి?" అన్నాడు గానీ గొంతులో ముందున్న జోరు లేదు.

"మూడు వారాలు రోజూ వచ్చి మీ జ్వరం చూస్తాను. భయపడకండి, తొందరగా పట్టుకుంటే మందుంది. అన్నయ్యకి మలేరియా అని నాలుగు రోజులు వాడిన మందులు వేరు, ఈ మందు వేరు."

"నా తమ్ముడి ఒళ్ళు ముట్టుకుంటే చస్తారంటావా?" ఒమొన్యే పీటమీంచి లేచింది. "వాణ్ణి కడిగిన నీళ్ళకి రోగమంటగడతావా? ఇంటి ఆడపడుచువై ఉండి! థూ!"

మాటలతో లాభంలేదని ఇసిమెమెకి తెలిసిపోయింది. భుజాన ఉన్న సంచిలోంచి గాజు గిన్నె, చెంచా, నీళ్ళ సీసా తీసింది. డబ్బా మూత విప్పగానే లోపలనుంచి పులిసిన కర్రపెండలం వాసనతో పాటు ఇంకో వాసన కూడా వచ్చింది. మూసిన గదిలో పాత గోనెల మధ్య వచ్చే ఉచ్చ వాసన. ముందున్నవాళ్ళు ముక్కులు చిట్లించారు.

"అన్నయ్య మధ్యాహ్నం పూట ఏం తాగేవాడు?"

"అందరూ తాగేదే. గర్రీ," అంది ఒకావిడ. "చన్నీళ్ళు, చక్కెర, నాలుగు వేరుశెనగ పలుకులు. దీనికీ పరీక్ష రాయించావా ఏంటి?"

"కాచిన నీళ్ళా?"

"కాచిన నీళ్ళు పోస్తే ముద్దవుతుంది, చల్లగా ఎలా తాగుతాం?"

రవ్వ దుమ్ము పైకి లేవకుండా నిదానంగా నాలుగు చెంచాలు గిన్నెలో వేసింది ఇసిమెమె. మీద నీళ్ళు పోసింది. పసుపుపచ్చటి గర్రీ అడుగుకి దిగింది. తేలిక పొట్టు పైకి వచ్చింది. ఆ పొట్టుతో పాటు నల్లటి పలుకులు ఒకటి, రెండు, తర్వాత చాలా పైకి తేలాయి. జీలకర్రకంటే కొంచెం లావుగా ఉన్నాయి.

"ఇవేమిటి పెదనాన్నా?"

ఇసిబోర్ వంగి చూశాడు. "మాడిన రవ్వ."

"మాడిన రవ్వే," అన్నారు ఆడవాళ్ళు. "పొయ్యి చురుగ్గా ఉంటే అంచుల్లో మాడుతుంది. అందరింట్లోనూ ఉంటుంది."

"మరి తాగేటప్పుడేం చేస్తారు?"

"ఊదేసి తాగుతాం. లేకపోతే మింగేస్తాం. దానికేముంది, కాస్త చేదు."

చెంచాతో ఒక నల్ల పలుకు తీసి, తెల్లటి దూది గుడ్డమీద పెట్టి, చెంచా వెనకవైపుతో నొక్కింది ఇసిమెమె. అది బొగ్గులాగా పొడి కాలేదు. మెత్తగా చితికి గోధుమరంగు మరక అయింది. ఆ మరకలో సన్నటి బూడిదరంగు నూగు కనిపించింది. గుడ్డని ఇసిబోర్ మొహం ముందుకి తీసుకెళ్ళింది.

"మాడిన రవ్వకి వెంట్రుకలుంటాయా పెదనాన్నా? ఎలుక ఒళ్ళు నాక్కుంటుంది. ఆ వెంట్రుకలు కడుపులోకి పోయి పెంటికలో బయటికొస్తాయి."

ఇందాక "కాస్త చేదు" అన్న మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు పరిగెత్తింది. ఆమె డోకుతుంటే విని ఇంకో ఇద్దరు లేచారు. కూర్చున్నవాళ్ళ మొహాలు చూడాలి! ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని గిన్నెలు, ఎన్ని నల్ల పలుకులు పంటికింద పడ్డాయో ఎవరికి వాళ్ళు తలుచుకుంటున్నారు. పక్కవాణ్ణి చూస్తే అసహ్యం, తన నోరు తనకే అసహ్యం. ఒక మగాడు మాటిమాటికీ ఉమ్మి నేలకేసి చెప్పుతో రాస్తున్నాడు. చీ చీ అనుకుంటూ నాలుకని చొక్కాకి తుడుచుకున్నవాడు కూడా ఉన్నాడు.

ఇసిమెమెకి ప్రాణం కాస్త కుదుటపడింది. గెలిచాననుకుంది. ఇసిబోర్‌ని తక్కువ అంచనా వేసింది పాపం.

"సరేనమ్మా," అన్నాడాయన, గొంతు సవరించుకుని. "రోగం తిండిలోంచి వచ్చిందంటావు. ఒప్పుకున్నాను. మరి ఆ తిండి వాడి ముందు పెట్టిందెవరు?"

ముంగిట్లో ఉన్న కళ్ళన్నీ ఒఫురె మీదికి తిరిగాయి.

"మొగుడి గిన్నెలో ఎలుక పెంటికలు కలిపి పెట్టింది. అడవి మందైతేనేం, ఎలుక పెంటికైతేనేం? మేము విషమన్నాం, నువ్వు దాని పేరు చెప్పావు. అంతేగా!"

"అంతే! అంతే!" అంది ఒమొన్యే.

ఈ పిల్లని కాపాడదామని వచ్చి ఇసిమెమె తన చేతులతోనే తాడు పేని మెడకి వేసింది. డబ్బా దొరికింది ఆ వంటింట్లోనే, రోజూ కలిపి ఇచ్చేదీ ఆ పిల్లే. ఇసిబోర్ సైగ చేశాడు. ఒకడు సొరబుర్ర వైపు అడుగు వేశాడు.

"ఆ గర్రీ నాది కాదు."

గొంతు చాలా చిన్నది. అయినా అందరికీ వినపడింది.

"ఏయ్! విధవ నోరు విప్పకూడదు!" అని ఇసిబోర్ కర్ర నేలకి కొట్టాడు.

"విప్పుతాను మావయ్యా," అంది ఒఫురె. ఇప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ వణుకు తగ్గింది. "విప్పకపోయినా మీరు విప్పదీసి ఆ నీళ్ళు పోస్తారుగా. ఆ రోజు బజార్లో నేనన్నది సగమే చెప్పారు. మొత్తం చెప్పండి వదినా. మీరు నా పక్కనే ఉన్నారు."

ఒమొన్యే తల వంచుకుని కొంగు సర్దుకుంది.

"సరే, నేనే చెబుతాను. 'మీ అక్క పంపినదే తిని చావు' అన్నాను. అనకూడదు, అన్నాను. ఎందుకన్నాను? ఏడేళ్ళ కాపురంలో నేను వేయించిన గర్రీ ఆయన ఒక్కరోజు నోట పెట్టలేదు. కోడలి గర్రీ పులుపు చాలదంట, గరగరలాడదంట. వారం వారం ఆ డబ్బా నింపి పంపేది మీరు. మూత తీసి కలిపి ఇవ్వడమే నా పని. కావాలంటే ఈ వీధిలో ఎవరినైనా అడగండి."

అడగక్కర్లేదు. ఆ వీధిలో అందరికీ తెలుసు. ఒమొన్యే తన గర్రీ గురించి గొప్పలు చెప్పుకోని రోజు లేదు, తమ్ముడు తన చేతిదే తింటాడని మరదలి ముందు దెప్పని రోజూ లేదు.

"నా గర్రీలోనా?" అంది ఒమొన్యే. నవ్వబోయింది. "నా గర్రీలో ఎలుకా? ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. నా పెనంమీద ఈగని కూడా వాలనివ్వను. పొట్టలో పేగులు మాడిపోయే వేడిలో వేయిస్తానే నేను!"

"ఆ వేడికి ఏ రోగమైనా చస్తుందక్కా," అంది ఇసిమెమె. ఆమెకి ఈ ప్రశ్న అడగాలని లేదు. అడిగింది. "వేయించాక ఎక్కడ ఆరబోస్తావు?"

"కొట్టుగదిలో. పట్టా పరిచి."

"నేలమీదా?"

"మరి నెత్తిమీదా? తెల్లారేదాకా చల్లారనిచ్చి, పొద్దున బస్తాకెత్తుతాను."

"మీద ఏదైనా కప్పుతావా?"

"వేడి గర్రీకి ఎవరైనా మూతేస్తారా? చెమర్చి బూజు పట్టదూ..." ఒమొన్యే మాట మధ్యలోనే ఆగిపోయింది.

రెండంగల్లో వచ్చి, ఇసిమెమె ఆపేలోపల గాజు గిన్నెలో వేలు పెట్టి ఒక నల్ల పలుకు పట్టుకుంది. గర్రీ మాడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలియనిదా? బొటనవేలితో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నలిపింది. ఆమె మొహం చూడలేక ఇసిమెమె తల తిప్పుకుంది.

"వాడు అడిగాడు," అంది ఒమొన్యే, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "కిందటి నెల అడిగాడు. 'అక్కా, ఈమధ్య మాడిన రవ్వ ఎక్కువొస్తోంది' అన్నాడు. నేను నవ్వాను. 'మాడితేనే రుచిరా పిచ్చోడా, నమిలి మింగు' అన్నాను."



ఇసిబోర్ కర్ర అందుకుని లేచాడు. మాటలో చటుక్కున మెత్తదనం వచ్చేసింది. "సరే సరే, తెలియక జరిగింది. ఇంటి ఆడపడుచుకి ఈ నీళ్ళతో పనిలేదు. అది కోడళ్ళకే. ఎవరక్కడ? పారబొయ్యండి ఆ బుర్ర. మనం శవం సంగతి చూద్దాం."

ఎంత సులువుగా తేల్చేశాడో చూశారా! నిమిషం కిందటిదాకా న్యాయం అంటూ కర్ర కొట్టిన పెద్దమనిషి. ఇసిమెమెకి ఆ బుర్రకంటే ఆ ముసలి నోటిని చూస్తే ఎక్కువ రోత పుట్టింది. కానీ ఇప్పుడు పోట్లాడే వేళ కాదు. ఒఫురె బతికింది, అది చాలు.

"పారబొయ్యొద్దు!" అంది. "నేలమీద పోస్తే కోళ్ళు పొడుస్తాయి, పిల్లలు తొక్కుతారు. బ్లీచింగ్ తెచ్చాను, నేను కలుపుతాను. పట్నం నుంచి ఖననం వాళ్ళు వస్తున్నారు, వాళ్ళొచ్చేదాకా గదిలోకి ఎవరూ వెళ్ళకండి."

సంచిలో సీసా కోసం వంగింది. అటు వంగిన ఆ కాసేపే.

తల ఎత్తేసరికి సొరబుర్ర ఒమొన్యే రెండు చేతుల్లో ఉంది.

"అక్కా! దించు! అక్కా!"

"న్యాయం న్యాయమే బాబాయ్," అంది ఒమొన్యే ఇసిబోర్‌తో. గొంతులో కోపం లేదు. "వాడికి తిండి పెట్టి చంపినవాళ్ళు తాగాలన్నావు. ఆడపడుచైతే ఏం, కోడలైతే ఏం?"

బుర్ర ఎత్తింది. గటగటా గొంతు కదిలింది. నురగా వెంట్రుకా ఆ గోధుమరంగు నీళ్ళూ ఆమె గడ్డం మీంచి మెడమీదికి కారాయి. మగాళ్ళంతా వెనక్కి జరిగారు. కడిగినవాళ్ళు అందరికంటే వెనక్కి జరిగారు. ఇసిమెమె సీసా వదిలేసి పరిగెత్తింది గానీ, ఆమెకంటే ముందు ఇంకొకరు లేచారు.

ఒఫురె లేచింది. గంట నుంచీ మోకాళ్ళమీద ఉన్న మనిషి ఒక్క ఉదుటున లేచి బుర్రని తన్నేసింది. ఒమొన్యే మెడ వెనక ఒక చేత్తో పట్టుకుని వంచి, రెండో చేతి వేళ్ళు ఆమె నోట్లోకి, గొంతుదాకా దూర్చేసింది.

"కక్కండి వదినా! కక్కెయ్యండి! మీరు పోతే నాకెవరున్నారు? కక్కండి!"

"ఒఫురె! చెయ్యి తియ్యి! వట్టి చేతులతో వద్దు! తియ్యవే చెయ్యి!"

తియ్యలేదు. ఒమొన్యే పళ్ళు గట్టిగా బిగిసిపోయాయి. ఒఫురె కెవ్వున అరిచింది గానీ వేళ్ళు ఇంకా లోపలికే నెట్టింది. అప్పుడు ఒమొన్యే ఒళ్ళంతా కుదిపేసినట్టయి, కడుపులో ఉన్నదంతా భళ్ళున ఒఫురె చేతులమీద, గుండెలమీద, మొహంమీద కక్కేసింది. ఇద్దరూ ఒకరిమీద ఒకరు నేలమీద పడ్డారు. ఒఫురె వదినగారి తలని ఒళ్ళో పెట్టుకుని, నల్లగుడ్డ కొంగుతో ఆమె మూతి తుడుస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఇసిమెమె తొడుగులున్న చేతులతో ఒఫురె మణికట్టు పట్టుకుని పైకెత్తి చూసింది. రెండు వేళ్ళమీద పళ్ళగాట్లు ఎముకదాకా దిగాయి. వాటిలోంచి నెత్తురు ధారగా కారి, ఆ కక్కులో కలుస్తోంది.